స్కెచ్‌లో తెలుగు అక్షరాలు విడిపోతున్నాయా? ఇలా సరిచేయండి

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు: "ఫ్రీక్యాడ్‌లో తెలుగు పేరు టైప్ చేస్తే ముక్కలైపోతోంది, ఏం చేయాలి?" ఈరోజు అదే చూద్దాం.

ముందు నా తప్పు చెప్తాను. మా వీధిలో ఒకాయన వాళ్ళమ్మగారి పేరు మీద ఇత్తడి పలక కావాలన్నారు. పేరు కృష్ణమ్మ. స్క్రీన్ మీద సరిగ్గా చూసుకోకుండా మెషిన్‌కి పంపేశాను. పలక మీద "కృష్‌ణమ్‌మ" అని వచ్చింది. ఆయన ఏమీ అనలేదు, దాన్ని చేత్తో తడిమి ఊరుకున్నారు. మళ్ళీ చేసిచ్చాను గానీ, ఆ ముఖం మర్చిపోలేను.

ఎందుకిలా జరుగుతుంది? తెలుగులో ఒత్తు కిందికి చేరాలన్నా, గుణింతం అక్షరంతో కలవాలన్నా, అక్షరాలను కూర్చే పని ఒకటి జరగాలి. ఫ్రీక్యాడ్‌లోని షేప్‌స్ట్రింగ్ ఆ పని చేయదు. ఫాంట్ ఫైల్‌లోంచి ఒక్కో అక్షరాన్ని తీసి వరసగా పేర్చేస్తుంది. ఇంగ్లీషుకి సరిపోతుంది, మనకి సరిపోదు.

అక్షరాల బదులు డబ్బాలొస్తే సంగతి వేరు, ఆ ఫాంట్‌లో తెలుగే లేదన్నమాట. నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంట్ పెట్టండి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ అయితే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి, దాన్ని ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

ఇప్పుడు దారి చెప్తాను. ఇంక్‌స్కేప్ ఉచితంగా దొరుకుతుంది, అందులో పేరు టైప్ చేయండి. ఒత్తులు చక్కగా కూర్చుంటాయి. పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కండి. అన్‌గ్రూప్ చేసి, అన్నీ సెలెక్ట్ చేసి, యూనియన్ కొట్టండి.

ఈ యూనియన్ మాత్రం వదలొద్దండీ. తెలుగు ఫాంట్లలో ఒత్తు గీత, గుణింతం గీత అసలక్షరం మీదికి ఎక్కి ఉంటాయి. అలా ఒకదాన్నొకటి కోసుకునే గీతలతో ఎక్స్‌ట్రూడ్ చేస్తే ఎర్రరొస్తుంది, లేదా గుడ్డిగా రంధ్రాలు పడతాయి. యూనియన్ చేస్తే అలా కోసుకునే గీతలు కలిసిపోతాయి. అవుట్‌లైన్ వ్యూలో ఒకసారి చూసి నిర్ధారించుకోండి.

తర్వాత ఎస్‌వీజీగా సేవ్ చేసి, ఫ్రీక్యాడ్‌లోకి జామెట్రీగా ఇంపోర్ట్ చేయండి. కొలత ఒకసారి సరిచూసుకుని, పార్ట్ వర్క్‌బెంచ్‌లో ఎక్స్‌ట్రూడ్ చేయండి. ఇంకో లాభం కూడా ఉంది. అక్షరాలు గీతలైపోయాయి కాబట్టి, వేరే కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోయినా ఫైల్ చెడదు. కాకపోతే తర్వాత స్పెల్లింగ్ మార్చడం కుదరదు, అందుకని ఇంక్‌స్కేప్‌లో టెక్స్ట్ ఉన్న కాపీని విడిగా దాచుకోండి.

చివరిగా ఒక్క మాట. మెషిన్‌కి పంపేముందు ప్రింట్ తీసి, ఆ పేరు గలవాళ్ళ ఇంట్లో ఒకరి చేత చదివించండి. కాగితం మీద తప్పు రూపాయితో పోతుంది, ఇత్తడి మీద తప్పు అలాగే ఉండిపోతుంది.

మీకు ఇంకా ఎక్కడైనా ఆగిపోతే కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.