ప్రయాణమునకు ఈ-రీడరు: కొనవలెనా, మానవలెనా?

(సంఘ సాహిత్యగోష్ఠి యందలి ప్రసంగ పాఠము)



కేంద్రప్రభుత్వోద్యోగి యింట బదిలీ యుత్తర్వు వచ్చిననాడు చర్చకు వచ్చునవి మూడు: పిల్లల బడి, పెద్దల మందులు, పుస్తకముల పెట్టెలు. మొదటి రెండింటికి ఏదో యొక దారి దొరకును. తగవు పుట్టునది మూడవదాని యొద్దనే. బీరువాను, మంచములను లారీ కెక్కించుటకు అభ్యంతరము చెప్పని ఇల్లాలు సైతము ఐదవ పుస్తకముల పెట్టెను చూచి, "ఇవన్నీ మళ్ళీ చదువుతారా?" అని యడుగక మానదు. ఆ ప్రశ్నకు దాపరికము లేకుండ జవాబు చెప్పగల భర్త మిక్కిలి అరుదు.

ఢిల్లీలో రామకృష్ణపురమున కాపురముండిన యొక తెలుగు ఉద్యోగికి గౌహతికి బదిలీ యైనది. ఇంట భార్య, కళాశాలలో చదువుచున్న కుమారుడు, డెబ్బది యెనిమిదేండ్ల తల్లి. పెట్టె లైదు. కుమారుడు ఒక్క మాటలో తీర్పు చెప్పినాడు: "నాన్నగారూ, ఒక ఈ-రీడరు కొనండి. ఈ పెట్టెలన్నీ దాంట్లో పడతాయి." తండ్రి నవ్వి యూరకుండెను గాని, ఆ మాట మనసున నాటినది. ఆయన దానిని పరీక్షించిన తీరు ఈ సభలో పెక్కుమందికి ఉపయోగపడగలదు.

ఈ యంత్రము చేతిఫోను వంటిది కాదని మొదట గ్రహింపవలెను. ఫోను అద్దము వెనుక దీపము వెలుగుచుండును. ఆ వెలుగు నేరుగ కంటిలో పడును. ఈ-రీడరు పలకలో తలవెంట్రుక మందము గల కోటానుకోట్ల బుడగ లున్నవి. ప్రతి బుడగలోను తెల్లని రేణువులు, నల్లని రేణువులు ఒక ద్రవమున తేలుచుండును. వానికి విరుద్ధములైన విద్యుదావేశములు గలవు. విద్యుత్తు సోకినపుడు ఒక రంగు పైకి వచ్చును, రెండవది క్రిందికి పోవును. అట్లు ఏర్పడిన పుట విద్యుత్తు ఆగిపోయినను చెరగదు. పుట త్రిప్పినపుడే ఖర్చు; కావుననే ఒకసారి ఛార్జి చేసినచో కొన్ని వారములు నడచును. ఈ సిరాను తయారుచేయు సంస్థ అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమునుండి 1997లో వెలువడినది. దానితో మొదటి పఠనయంత్రమును 2004లో జపానున సోనీ కంపెనీ అమ్మినది. అమెజాన్ వారి కిండిల్ 2007 నవంబరు 19న వచ్చినది. నాటి ధర 399 డాలర్లు.

తోటి యుద్యోగి యొద్ద అట్టి పాత యంత్రమొకటి యెరువు తీసికొని, ఆయన ఒక పెండ్లికి తెలంగాణా ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదునకు ప్రయాణమైనాడు. రాత్రి పెట్టెలో దీపము లార్పివేసినను, యంత్రపు అంచులనుండి పుటపై ప్రసరించు మెల్లని వెలుగులో, ఎదుటి బెర్తు వారి నిద్రకు భంగము లేకుండ, ఒక ఆంగ్ల నవల నూరు పుటలు చదివెను. నాగపూరు దాటిన పిదప కిటికీనుండి పడిన యెండలో ఫోను పలక నల్లబడినది గాని, యీ పుట మరింత తేటపడినది. బరువు రెండువందల గ్రాముల లోపు. పక్కకు ఒత్తిగిలి ఒంటిచేత పట్టుకొని చదువవచ్చును. "వేయిపడగలు" సంపుటమును రొమ్ముపై నిలుపుకొని చదివి చేతులు నొప్పిపెట్టినవారికి ఈ సుఖము వేరుగ చెప్పనక్కరలేదు.

చిక్కంతయు మరునాడు తెలుగు తెరచినపుడు వచ్చినది.

ఆయన రెండు తెలుగు పుస్తకములు దానిలో నెక్కించుకొని వెళ్ళినాడు. ఒకటి పాత పుస్తకమునకు తీసిన పుటల ఛాయాచిత్రము. మామూలు డెమ్మీ పుస్తకపు పుట సుమారు ఐదున్నర అంగుళముల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళముల పొడవు. ఆరంగుళముల యంత్రమనగా మూలనుండి మూలకు ఆరంగుళములు. నిజమైన పుట 3.6 అంగుళముల వెడల్పు, 4.8 అంగుళముల పొడవు మాత్రమే. అక్షరము సగమునకు కొంచెము పైగా మిగిలి, ఒత్తు లన్నియు చీమల బారులైనవి. పెద్దవి చేసినచో ప్రతి పంక్తికి పుటను అటునిటు జరుపుకొనవలసి వచ్చెను. ఛాయాచిత్రములో అక్షరము బొమ్మయే గాని అక్షరము కాదు. పలక వెడల్పునుబట్టి పంక్తులను తిరిగి పేర్చుట యంత్రమునకు శక్యము గాదు.

రెండవది వికీసోర్స్‌లో ఔత్సాహికులు అక్షరమక్షరము కూర్చిన పుస్తకము. ఇది పలకకు తగినట్లు చక్కగ సర్దుకొన్నది గాని, ఆ పాత యంత్రమునకు తెలుగు లిపి మర్యాద తెలియదు. "వస్త్రము" అను మాటలో తకారము, రేఫము క్రిందికి దిగక పక్కపక్కన నిలిచినవి. ఆంగ్లాక్షరముల వలె వరుసగ పేర్చిన తెలుగు తెలుగు కాదు గదా! కొనదలచినవారు దుకాణమున ధర యడుగుటకు ముందు "స్వాతంత్ర్యము", "శాస్త్రము", "కృష్ణా" అను మూడు మాటలు గల పుట యొకటి తెరిపించి చూచుట మేలు.

అమ్మకమునకు ఉన్న పుస్తకముల మాటయు ఇట్టిదే. 2016 డిసెంబరులో కిండిల్‌పై భారతీయ భాషల పుస్తకములు ప్రవేశపెట్టినపుడు హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము లకు చోటు దొరకినది, తెలుగునకు దొరకలేదు. దీనికి పరులను మాత్రమే నిందింపరాదు. తెలుగు పుస్తకములు పెక్కు చాలకాలము యూనికోడ్ కాని అక్షరములతో అచ్చునకు సిద్ధమైనవి. కాగితముపై అవి ముత్యములే. వేరొక యంత్రమున తెరచినచో అర్థములేని గుర్తులు. వానిని మరల కూర్చు శ్రమకు పూనుకొనువారు కొద్దిమంది. అచ్చుహక్కులు తీరినవి మాత్రము స్వేచ్ఛగ దొరకవచ్చును. మన చట్టము ప్రకారము రచయిత గతించిన పిదప అరువది సంవత్సరములు హక్కు నిలుచును. 1919లో గతించిన వీరేశలింగముగారి రచనలకు ఆ యడ్డు లేదు; 1961లో గతించిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి రచనలకు 2022నుండి లేదు. విశ్వనాథవారు గతించినది 1976 గనుక 2036 చివరవరకు వేచియుండవలెను.

ఉద్యోగి భార్య, లెక్కలు చూచునది గనుక, మరియొక ప్రశ్న వేసెను: "డబ్బిచ్చి కొన్న పుస్తకం మనదేనా?" ఈ ప్రశ్న చిన్నది కాదు. 2009 జులైలో అమెజాన్ వారు, అమ్మినవారికి హక్కు లేదని తెలిసినపిదప, ఆర్వెల్ నవల "1984" ప్రతులను కొన్నవారి యంత్రములనుండి వారి కెఱుకలేకయే తొలగించిరి. సొమ్ము తిరిగి యిచ్చి, తరువాత క్షమాపణ చెప్పిరి. 2019లో మైక్రోసాఫ్ట్ వారు తమ పుస్తకశాలను మూసినపుడు కొన్నవారికి సొమ్ము మిగిలినది, పుస్తకములు మిగులలేదు. కొన్న కిండిల్ పుస్తకమును కంప్యూటరులోనికి దింపి, తీగ ద్వారా యంత్రమున కెక్కించుకొను వీలును 2025 ఫిబ్రవరి 26న తీసివేసిరి. మొత్తముమీద అక్కడ కొనునది పుస్తకము కాదు, చదువుకొను అనుమతి. ఇరుగుపొరుగున కిచ్చి, తిరిగి రాకపోయినందుకు పదేండ్లు గొణుగుకొను భాగ్యమును దానిలో లేదు.

ధర సంగతి: 2025 ఏప్రిలులో భారతదేశమున విడుదలయినపుడు పేపర్‌వైట్ ధర 16,999 రూపాయలుగా నుండెను. మున్నూరు రూపాయల తెలుగు పుస్తకములు ఏబదియారు వచ్చును. కేవలము తెలుగే చదువువారు ఏబదియారు పుస్తకములనే కొనుట తెలివి. ఆంగ్లము విరివిగ చదువుచు, తరచు రైలెక్కు ఉద్యోగికి లెక్క వేరు.

చివరకు ఆయన ఏడంగుళముల యంత్ర మొకటి, మూడు మాటల పరీక్ష చేసిన పిదపనే, కొన్నాడు. ఆంగ్ల నవలలను, వ్యాకరణ నిఘంటువులను సంఘ గ్రంథాలయమున కిచ్చివేసెను. ఐదు పెట్టెలు రెండైనవి. లారీ వచ్చిన యుదయమున తల్లి తన మంచము క్రిందినుండి వేరొక పెట్టె లాగించినది. అందు తన భర్త పెన్సిలుతో అంచులనిండ వ్రాసికొన్న భారత పర్వములు, అట్టలూడిన కథల పుస్తకములు ఉన్నవి. "ఇవి ఏ యంత్రంలోనూ దొరకవురా" అన్నది. కుమారుడుగాని మనుమడుగాని మారుపలుకలేదు. పెట్టెలు మూడైనవి.

రైలు కాన్పూరు దాటినపిదప దీపము లార్పిరి. ఆమె కంటికి శుక్లము తీయించి యేడాదియే యైనది. భూతద్దముండియు రాత్రివేళ చదువలేదు. క్రింది బెర్తునుండి అడిగినది: "అందులో తెలుగు వచ్చిందా, నాయనా?"

"వీరేశలింగంగారిది ఒకటి ఎక్కించానమ్మా. ఒత్తులు బాగానే ఉన్నాయి."

"అయితే రెండు పేజీలు చదువు, వింటాను. గొంతు తగ్గించు, పక్కవాళ్ళు పడుకున్నారు."