అప్పుకు జిమ్మేదారి, అక్కకు జిమ్మేదారి
(సమాఖ్య వార్షిక సమావేశంలో ఒక గ్రూపు లీడర్ మాట్లాడిన మాటలు)

నేను పదో తరగతి వరకే చదువుకున్న. కాగితం మీద రాసుకొని వచ్చిన, తప్పులుంటే జర సర్దుకోండి.

ఈ సంవత్సరం రిపోర్టులో మా గ్రూపు పేరు పక్కన బ్యాంకు కిస్తీలు వంద శాతం కట్టినట్టు ఉంటది. మొన్న మీటింగులో చప్పట్లు కూడా కొట్టిండ్రు. ఆ వంద శాతం ఎట్ల వచ్చిందో చెప్తా. చప్పట్లు కొట్టే సంగతి కాదు అది.

మా గ్రూపులో పది మందిమి. బ్యాంకు లోను 5 లక్షలు, ఒక్కొక్కరికి 50 వేలు, నెలకు 2,400 కిస్తీ. మాలో మగ్గం పని చేసే అక్క ఒకామె ఉంది. ఆమె భర్త ఆటో నడుపుతడు. ఆయనకు జబ్బు చేసి దవాఖానలో పడ్డడు. ఆమె మొదటి నెల కట్టలేదు, రెండో నెలా కట్టలేదు. రెండుసార్లూ పొదుపు పైసల్లోంచి సర్దినం. మూడో నెల ఆరుగురం కలిసి ఆమె ఇంటికి పోయినం. ముందు నడిచింది నేనే.

గడప ముందే కూర్చున్నం. గల్లీ మొత్తం చూస్తున్నది. ఏడో తరగతి చదివే ఆమె బిడ్డ బయటికి వచ్చి "అమ్మ లేదు" అన్నది. అమ్మ చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నయి. పిల్ల నా దిక్కు చూసింది, చెప్పుల దిక్కు చూసింది, మళ్ళా నా దిక్కు చూసింది. నేనేమన్నానో తెలుసా? "మీ అమ్మ వచ్చేదాక మేం ఇక్కడే ఉంటం, పో, చెప్పు" అన్న.

2010లో నేను కొత్త కోడలిగా ఈ బస్తీకి వచ్చిన. అప్పుడు మైక్రో ఫైనాన్స్ వాళ్లు వారం వారం వచ్చేది. ఒకామె కట్టకపోతే మిగతా ఆడోళ్లనే ఆమె మీదికి పంపేది. అప్పుల బాధకు ఆడోళ్లు ప్రాణాలు తీసుకున్నరని పేపర్లలో వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో సర్కారు ఆర్డినెన్సు తెచ్చింది: వసూలు ఇండ్ల కాడ వద్దు, నలుగురు కూడే చోట చెయ్యాలె, వారానికి కాదు నెలకు కట్టించుకోవాలె అని. అప్పుడు ఆ కంపెనీలను తిట్టినోళ్లలో నేనూ ఒకదాన్ని. ఇప్పుడు ఏ ఏజెంటూ పంపకుండనే నేను ఆ గడప ముందు కూర్చున్న.

మేం సంతకం పెట్టింది అప్పుకు. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలని ఒప్పుకున్నం. మరి ఆమెకు జిమ్మేదారి ఎవరు? దానికి కాగితం లేదు, సంతకం లేదు.

మా ఆడబిడ్డ కూతురు డిగ్రీ చదువుతున్నది. ఈ సంగతి చెప్తే ఆమె తన పాఠంలో ఉన్న ఒకాయన గురించి చెప్పింది. లెవినాస్ అని, 1906లో లిథువేనియాలో పుట్టిండు, ఫ్రాన్సులో బతికిండు. యూదుడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఖైదీగా ఉన్నడు, ఇంటోళ్లను చాలామందిని నాజీలు చంపేసిండ్రు. ఎదుటి మనిషి మొఖం చూసినప్పుడే మన జిమ్మేదారి మొదలైతదని, మనం ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా అది మన మీద ఉంటదని ఆయన చెప్పిండట. నాకు మిగతాది ఎక్కలేదు గానీ ఈ మాట ఎక్కింది. ఆ పిల్ల మొఖం చూసినప్పుడు నాకు తెలిసింది, తెలిసి కూడా కూర్చున్న.

వారం తర్వాత నేనొక్కదాన్నే టిఫిన్ డబ్బా పట్టుకొని ఉస్మానియా దవాఖానకు పోయిన. అక్కడ చింతచెట్టు ఉంది కదా. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల మంది పోయినప్పుడు, నూట యాభై మంది దాకా ఆ చెట్టెక్కి బతికిండ్రని చెప్తరు. ఆ దిక్కే కూర్చున్నం. ఆ అక్క డబ్బా మూత తియ్యలేదు. "మంది ముందు నన్ను పిలవొద్దు లీడరమ్మా, నువ్వొక్కదానివి రా, చెప్తా" అన్నది. అంతే అడిగింది. పైసలు మాఫీ చెయ్యమనలేదు.

ఇక్కడ కొందరికి అనుమానం రావచ్చు. గట్లయితే కష్టమన్న ప్రతి ఒక్కరినీ వదిలేద్దామా? నాకూ వచ్చింది. మా గ్రూపులోనే ఇదివరకు ఒకామె అబద్ధం చెప్పి ఫంక్షనుకు గాజులు కొన్నది. పైగా మిగతా తొమ్మిది మందికీ మొఖాలున్నయి. మూడు నెలలకు 7,200 అంటే తలా 800. మాలో ఇండ్లల్ల పని చేసే ఆమె ఉంది, ఆమెకు 800 అంటే పిల్లగాని ఫీజు. ఒక్క మొఖమే చూస్తే ఇంకో మొఖానికి అన్యాయమైతది. లెక్క అందుకే కావాలె. ఇన్నేండ్లు పుస్తకం బ్యాంకోళ్ల కోసం రాస్తున్నమనుకున్న. అందరినీ ఒకేసారి కండ్ల ముందు పెట్టుకునేది అదేనని అప్పుడు సమజైంది.

తర్వాతి మీటింగులో మూడు గంటలు కొట్లాడినం. ఒకామె లేచిపోయింది, మళ్ళా వచ్చింది. చివరికి తీర్మానం రాసినం. కిస్తీ ఆగిన మొదటి నెలనే ఇద్దరం పోవాలె, మందిగా పోవద్దు. గల్లీలో అడగొద్దు. పిల్లలతోని కబురు పంపొద్దు. అబద్ధమని తేలితే మీటింగులోనే, ఆమె ముందే మాట్లాడాలె, వెనక మాట్లాడొద్దు. మగ్గం అక్కకు ఆ 7,200 గ్రూపు లోపలి అప్పుగా రాసినం, నెలకు 400 చొప్పున. ఇండ్లల్ల పని చేసే ఆమె మీద భారం పడకుండ మిగతావాళ్లం సర్దుకున్నం. ఆ అక్క ఇప్పటికి 5,600 కట్టింది, ఇంక 1,600 ఉంది. వంద శాతం అంటే ఇదీ.

మగ్గం అక్క మీటింగులకు వస్తది, నాతో మాట్లాడుతది. ఆ పిల్ల ఇప్పుడు ఎనిమిదో తరగతి. గల్లీలో నేనెదురైతే పక్క సందులోకి మళ్లుతది. తీర్మానం పుస్తకంలో రాసినం గానీ, తప్పు నాదని ఆ పిల్లకు నేనింకా చెప్పలేదు. రెండుసార్లు ఇస్కూలు గేటు దాకా పోయి తిరిగొచ్చిన. రేపు మళ్ళా పోతున్న.