ఓటీపీ కూడా వేలిముద్రే

 

సంస్కృతి సభలో క్రెడిట్ కార్డు ముచ్చటేమిటని కొందరికి అనిపించవచ్చు. సావుకారు తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని పొలాలు రాయించుకున్న కథలు మన తాతల నోట విన్నవాళ్లమే మనం. మన భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం తేవలసి వచ్చింది. ఇప్పుడా తెల్లకాగితం ఫోన్‌లోకి వచ్చింది. ఓటీపీ చెప్పడమంటే వేలిముద్ర వేయడమే.

మా హాస్టల్లో చదివి, విశాఖలో ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయి సంగతి చెప్తాను. తన పేరు లేకుండా చెప్పమని తనే అంది. మొదటి క్రెడిట్ కార్డు వచ్చిన కొత్త. "మీ రివార్డు పాయింట్లు ఈ రాత్రితో రద్దవుతాయి, 5,850 రూపాయలుగా మార్చుకోండి" అని మెసేజి, కింద లింకు. నొక్కితే అచ్చం బ్యాంకు పేజీలాగే ఉంది. కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెల సీవీవీ కొట్టింది. ఓటీపీ వస్తే అదీ కొట్టింది. 38,400 పోయాయి.

ఆ ఓటీపీ మెసేజిలోనే ఎంత సొమ్ము, ఎవరికి వెళ్తోంది అన్నది రాసి ఉంది. తను ఆరంకెలే చూసింది. మనలో చాలామందిమి అంతే. బ్యాంకులు ఆ మెసేజి తెలుగులో పంపితే సగం మంది ఆగిపోతారని నా నమ్మకం. పంపేదాకా ఇంగ్లిషులోనే అయినా కూడబలుక్కుని చదవండి. డబ్బు వస్తుందని చెప్పినవాడు పంపించిన ఓటీపీలో డబ్బు పోతోందని ఉంటే, ఇంకేం కావాలి!

నిజంగా పాయింట్లుంటే బ్యాంకు యాప్‌లో కనిపిస్తాయి, లింకుతో పనిలేదు. బ్యాంకుల అసలు వెబ్ చిరునామాలు ఇప్పుడు 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అని ముగుస్తాయి. రిజర్వ్ బ్యాంకు 2025 అక్టోబరు 31 లోగా అలా మారమంది. బ్యాంకు పేరు ముందుంది కదా అని మోసపోకండి, https:// తర్వాత వచ్చే మొదటి గీతకు ముందు చిరునామా దేనితో ముగిసిందో చూడండి. వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తే, కేవైసీ అన్నా, పథకం డబ్బులన్నా, తెరవొద్దు. అది ఫోన్‌లో చేరితే మీ ఓటీపీలు వాడే చదువుకుంటాడు.

అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. "చదువుకున్నదానివి, నీకిలా ఎలా అయింది" అంటారని ఆ పిల్ల రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. కార్డు ఆపలేదు. రెండో రోజు రాత్రి ఏదో విదేశీ వెబ్‌సైటులో ఇంకో 11,200 పోయాయి. దానికి ఓటీపీ కూడా అడగలేదు. విదేశీ సైట్లు చాలావాటిలో అడగరు. ఇప్పుడు రెండూ కలిపి వాయిదాల్లో కడుతోంది.

సిగ్గుపడాల్సింది దొంగ. మీరు వెంటనే యాప్‌లోనో, కార్డు వెనకున్న నంబరుకో చెప్పి కార్డు ఆపించండి. ఆ వెంటనే 1930కి ఫోన్. అది సైబర్ నేరాల నంబరు. త్వరగా చెబితే సొమ్ము వాడి చేతికి చేరకముందే ఆపే వీలుంటుంది. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే ఊళ్లు మనవి, అయినా ఎక్కండి, తెల్లారేదాకా ఆగొద్దు. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టి, బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి ఫిర్యాదు నంబరు తీసుకోండి. మెసేజిలు చెరపొద్దు.

రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం, ఓటీపీ మనమే ఇచ్చి ఉంటే ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టం మనది, ఫిర్యాదు తర్వాత జరిగేది బ్యాంకుది. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా పోతే, మూడు పనిదినాల్లో చెప్పినవాళ్లకు నష్టం ఉండదు. ఆ అమ్మాయి మొదటి రాత్రే ఫోన్ చేసి ఉంటే ఆ 11,200 తన మీద పడేది కాదు. మోసం అని వివాదం పెట్టిన మొత్తం మీద, అది తేలేదాకా కార్డు సంస్థ చార్జీలు వేయకూడదు. మిగతా బిల్లు మాత్రం కట్టండి, లేకపోతే రేపు ఇంటి లోను దగ్గర సిబిల్ స్కోరు అడ్డం పడుతుంది. ముప్పై రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు.

ఇంకొకటి. పోయిన డబ్బు ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి అని ఎవడో ఫోన్ చేస్తాడు. వాడు రెండో దొంగ.

మీ కార్డులో విదేశీ లావాదేవీలు ఆపేసే మీట యాప్‌లోనే ఉంటుంది. ఆన్‌లైన్ వాడకాన్ని కూడా అవసరమైనప్పుడే తెరుచుకోవచ్చు. భోజనాల తర్వాత వేదిక పక్కనే ఉంటాను, ఫోన్లు తెచ్చుకోండి, ఎక్కడుందో చూపిస్తాను. పిన్ నంబరు మాత్రం నాకు కూడా చెప్పొద్దు.