ఎర్తు లీకేజి – మన జాగ్రత్త
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీరును కాను. లెక్కలు రాసి రిటైరైన గుమాస్తాను. నేను చేసిన ఒక తప్పు మీరు చేయకూడదనే ఈ నాలుగు మాటలు.

వానాకాలం వస్తే మా ఇంట్లో ఆర్.సి.సి.బి. మాటిమాటికీ పడిపోయేది. విసుగెత్తి, ఎలక్ట్రీషియను వద్దంటున్నా వినక, దాన్ని తప్పించి డైరెక్టు చేయించాను. నెల తిరక్కుండానే మా ఆవిడ తడికాళ్ళతో బట్టల మిషను ముట్టుకుంది. చెయ్యి అతుక్కుపోయింది. మా అబ్బాయి పరుగున వెళ్ళి మెయిను ఆపబట్టి ప్రాణం దక్కింది.

ఎం.సి.బి. ఎందుకు పడలేదు? అది 16 ఆంపియర్లది, అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి ప్రాణం పోవడానికి అందులో నూరో వంతు కూడా అక్కరలేదు. ఎం.సి.బి. కాపాడేది వైర్లను, మనుషులను కాదు.

ఆర్.సి.సి.బి. పని మన క్యాష్ బుక్కు వంటిది. ఫేజులో పోయిన కరెంటంతా న్యూట్రల్లో తిరిగి రావాలి. ఇళ్ళలో పెట్టే రకమైతే, తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరిందంటే రెప్పపాటులో కట్టేస్తుంది. అది పడిపోతే తప్పు దానిది కాదు, ఎక్కడో లెక్క తేలడంలేదన్నమాట. ప్లగ్గులన్నీ తీసేసి ఒక్కొక్కటే పెట్టి చూస్తే చాలాసార్లు దొంగ దొరుకుతాడు. అయినా పడిపోతూంటే వైరింగు చూపించాలి. మా ఇంట్లో దొంగ ఆ మిషనే.

మరో తప్పు కూడా బయటపడింది. పెరట్లో గచ్చు చేయించినప్పుడు ఎర్తు గుంట కప్పడిపోయింది. లోపల తీగ తుప్పుపట్టి తెగిపోయింది. గుంట మూత తెరిచేలా ఉంచండి. ఎండాకాలంలో నీళ్ళు పోయండి. ఏడాదికోసారి తెలిసినవారిచేత ఎర్తు పరీక్ష చేయించండి.

ఆర్.సి.సి.బి. మీద ‘టి’ అనే బటను ఉంటుంది. నొక్కితే వెంటనే పడిపోవాలి, పడకపోతే మార్పించండి. అయితే ఆ బటను ఎర్తు బాగుందో లేదో చెప్పదు. ఇంకొకటి, ఫేజునూ న్యూట్రల్‌నూ ఒకేసారి ముట్టుకుంటే లెక్కలో తేడా రాదు కనుక అది కాపాడలేకపోవచ్చు. జాగ్రత్త మనదే.

పింఛను పడిన రోజున ఆ బటను ఒకసారి నొక్కడం మా ఇంట్లో ఇప్పుడు అలవాటు. మీరూ చేసుకోండి. నొక్కేది మా ఆవిడే, నన్ను నమ్మదు.

సెలవు.