నాలుగో రోజా నాడు గన్‌ఫౌండ్రీ చర్చిలో

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



2025 మార్చి 5, రంజాన్ నాలుగో రోజా. పిల్లలకు పుస్తకాలు కొందామని మేము ముగ్గురు టీచర్లం మహబూబ్‌నగర్ నుంచి పొద్దున్నే హైదరాబాద్ వెళ్లాం. ఆబిడ్స్‌లో దుకాణాలు ఇంకా తెరవలేదు. పక్కనే గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కెథడ్రల్. మాతో పనిచేసి రిటైరైన ఒక క్యాథలిక్ టీచరమ్మ, "ఆ రోజు మాకూ ఉపవాసమే, పూజకు రండి" అని ముందే పిలిచి ఉన్నారు.

ఆ చర్చి మనకు మరీ పరాయిదేం కాదు. మన ఊరికి పేరిచ్చిన మీర్ మహబూబ్ అలీ ఖాన్ పసివాడిగా గద్దెనెక్కింది 1869లో. మరుసటి ఏడే దానికి పునాది పడింది. 1875 క్రిస్మస్ నాటికి పూజలు మొదలయ్యాయి.

చివరి వరుసలో కూర్చున్నాం. వాళ్లు మోకరించినప్పుడు మేము కూర్చునే ఉన్నాం. సజ్దా ఎవరికి చేయాలో మనకు తెలుసు. మమ్మల్ని ఎవరూ వింతగా చూడలేదు. పక్కనున్న ముసలాయన చేతులు జోడించి "సమాధానం" అన్నారు. మేము సలాం చెప్పాం. రెండు మాటలకూ అర్థం ఒకటే కదా.

వాళ్లకది బూడిద బుధవారం. నిరుటి మట్టల ఆదివారం మట్టలు కాల్చిన బూడిదతో నుదుట సిలువ గుర్తు పెడతారు, మనిషి మట్టేనని గుర్తు చేస్తారు. ఖబ్రస్తాన్‌లో మూడు పిడికిళ్ల మన్ను వేసేటప్పుడు మనకు వచ్చే తలపే అది.

ఆ రోజు చదివేది మత్తయి సువిశేషం ఆరో అధ్యాయం. దానం, ప్రార్థన, ఉపవాసం, ఈ మూడూ నలుగురి మెప్పు కోసం చేయొద్దని అందులో ఉంది. సదఖా, నమాజ్, రోజా! మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కుడిచేతి దానం ఎడమచేతికి తెలియకూడదన్న మాటా అక్కడే ఉంది. అర్ష్ నీడ దొరికే ఏడుగురిని చెప్పే బుఖారీ హదీసులోనూ ఆ మాట ఉంది. ఎన్నోసార్లు విన్నదే, అయినా ఆ రోజు గట్టిగా తగిలింది.

ఎందుకంటే, అంతకుముందు మన సభలో స్కాలర్‌షిప్ చెక్కు తీసుకోవడానికి ఒక పదో తరగతి అమ్మాయి వేదిక ఎక్కలేదు. రెండుసార్లు పేరు పిలిచాం. మర్నాడు అడిగితే, "ఫొటో వాట్సాప్‌లో పెడతారు కదా టీచర్, క్లాసులో అందరూ చూస్తారు" అంది. మైకులో పిలిచింది మేమే. తప్పు మాదే.

దాతల పేర్లు వేయొద్దని మేము అనడం లేదు. బాహాటంగా ఇచ్చినా మంచిదేనని, పేదలకు గుట్టుగా ఇస్తే ఇంకా మేలని సూర బఖరా చెబుతుంది. మీ పేరు చూసి ఇంకొకరు ముందుకు వస్తారు. తీసుకునే పిల్ల మొహం చూపించి ఏం లాభం?

అందుకే ఈసారి పిల్లల్ని వేదిక మీదికి పిలవొద్దని కమిటీని కోరుతున్నాం. డబ్బు తల్లి ఖాతాలో వేద్దాం. లెక్కలు కమిటీ దగ్గర ఉంటాయి, ఏ దాత అడిగినా చూపిద్దాం. ఫొటో రాలేదని మాత్రం దయచేసి చందా ఆపకండి.