జీతం స్లిప్ లేని కొడుకు, దుబాయ్‌ల బాపు: మా రాయికల్ ఇంటి లెక్క

"అన్నా, ఇల్లు కడుతున్నవ్ కదా, పైసలు ఎట్ల సర్దినవ్?" అని చాలా మంది అడుగుతున్నరు. ఈ రోజు ఆ లెక్క మొత్తం చెప్తా. నా తప్పుతో సహా చెప్తా.

మాది రాయికల్. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఏ ఊరికి పోయినా కొత్త ఇల్లు కనపడితే "ఎవరు, దుబాయా, మస్కటా?" అని అడుగుతరు. మా బాపు కూడా అంతే. నేను నాలుగో తరగతి చదివేటప్పుడు దుబాయ్ పోయిండు, ఇంకా అక్కడనే ఉన్నడు. ఆ పైసలతోనే నా బీటెక్ అయింది, చెల్లె పెండ్లి అయింది. మిగిలిందాంట్ల 150 గజాల ప్లాటు కొన్నడు. ఇల్లు మాత్రం కాలేదు.

బాపు కోరిక ఏంటంటే డూప్లెక్స్. 1,400 ఎస్ఎఫ్‌టీ. పక్కింటోళ్లకు ఉన్నట్టే ముందల ఎలివేషన్ ఉండాలె. మా మేస్త్రి మెటీరియల్‌తో కలిపి ఎస్ఎఫ్‌టీకి 1,800 చెప్పిండు. అంటే 25 లక్షల 20 వేలు. మా దగ్గర ఉన్నది బాపు దాచిన 7 లక్షలు, అమ్మ చిట్టీ 3 లక్షలు. మొత్తం 10.

"మిగిలింది లోన్ తీసుకుందాం బాపూ, నేనున్న కదా" అన్న. అనేసి బ్యాంకుకు పోయిన. అక్కడ మేడమ్ మొదటి ప్రశ్న: "మీ శాలరీ స్లిప్పులు?"

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ మానేసి అప్పటికి ఏడు నెలలు. వీడియోల మీద పైసలు వస్తున్నయ్, కానీ ఒక నెల 40 వేలు వస్తే ఇంకో నెల 12 వేలు. సొంత పని చేసేటోళ్లకు బ్యాంకులు మామూలుగా రెండు, మూడేళ్ల ఐటీ రిటర్న్‌లు అడుగుతయ్. నా దగ్గర ఆ కొత్త పనివి ఒక్క ఏడాదివి కూడా లేవు. రిజైన్ చేసే ముందు ఇంటి లోన్ గురించి ఒక్కసారి ఆలోచించి ఉంటే కథ వేరే ఉండేది. జాబ్ మానేద్దాం అనుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది రాసి పెట్టుకోండి. అట్లని లోన్ రాంగనే మానేయమని కాదు, ఈఎంఐ ఎట్ల కడతరో లెక్క ఉంటేనే.

ఆ రాత్రి బోటిమ్‌ల బాపుకు కాల్ చేసి చెప్పిన. కొంచెంసేపు ఏం మాట్లాడలే. తర్వాత "ఏం కాదు కొడుకా, ఇంకో నాలుగేండ్లు ఇక్కడ్నే ఉంట, పైసలు జమ చేస్త" అన్నడు. బాపుకు 56 ఏండ్లు. మోకాళ్ల నొప్పులు. నాలుగేండ్లు ఆ ఎండల ఉండి ఇల్లు కడితే ఆ ఇంట్ల ఉండేదెవరు? అమ్మ ఫోన్ గుంజుకొని "డూప్లెక్స్ వద్దు, ఏం వద్దు, నువ్వు రా" అన్నది.

అప్పుడు లెక్క మళ్లీ మొదటి నుంచి వేసినం.

ఒకటి, ఇల్లు చిన్నగ చేసినం. 800 ఎస్ఎఫ్‌టీ, ఒక్క ఫ్లోర్. 14 లక్షల 40 వేలు. పిల్లర్లు మాత్రం పైన ఇంకో ఫ్లోర్ ఆగేటట్టు ఇంజనీర్‌తో డిజైన్ చేయించినం. రేపు మా చేతిల పైసలుంటే పైన వేసుకుంటం. స్టీల్‌ల, పునాదిల మాత్రం కక్కుర్తి పడలే. టైల్స్ తర్వాత మార్చుకోవచ్చు, పునాది మార్చలేం.

రెండు, ఎస్ఎఫ్‌టీ రేటుల రానివి రాసుకున్నం. బోరు, సెప్టిక్ ట్యాంక్, కాంపౌండ్ గోడ, కరెంట్ మీటర్. ఇవన్నీ కలిపి 2 లక్షల 60 వేలు. ఇంకో లక్ష పక్కకు పెట్టినం, ఎందుకంటే ఏదో ఒకటి పెరుగుతది. మొత్తం 18 లక్షలు. మా 10 పోతే లోన్ 8.

మూడు, లోన్ తమ్ముడి పేరు మీద. వాడు హైదరాబాద్‌ల జాబ్ చేస్తడు, జీతం స్లిప్పులున్నయ్. వాడు మెయిన్, నేను కో-అప్లికెంట్. నెల నెలా సగం నేను వాడికి పంపాలె, ఇది నోటిమాట కాదు, కాయితం మీద రాసుకున్నం. అన్నదమ్ములం అయినా సరే.

ఇప్పుడు వడ్డీ చూడండి. 8 లక్షలు, 8.5 శాతం వడ్డీ అనుకుందాం. 20 ఏండ్లకు ఈఎంఐ దాదాపు 6,940. 15 ఏండ్లకు దాదాపు 7,880. నెలకు 940 ఎక్కువ కడితే మొత్తం మీద దాదాపు రెండున్నర లక్షలు మిగులుతయ్. అదే 8 లక్షలు ఊర్ల రెండు రూపాయల వడ్డీకి తెస్తే? ఏడాదికి 24 శాతం. నెలకు 16,000 వడ్డీకే పోతది, అసలు అట్లనే ఉంటది. చానా ఇండ్లు మునిగేది ఇక్కడనే.

ఇంకో ముచ్చట. 30 లక్షల లోపు ఇంటి లోన్‌కు విలువల 90 శాతం వరకు ఇవ్వడానికి ఆర్‌బీఐ ఒప్పుకుంటది. కానీ కట్టే ఇంటికి పైసలు ఒక్కసారి చేతికి రావు. ముందు మన వాటా పెట్టాలె, తర్వాత పని ఎంత అయితే అంత రిలీజ్ చేస్తరు. మొదట్ల రిలీజ్ అయినదాని మీదనే వడ్డీ కడతం.

కాయితాలు ముఖ్యం. మా పాత ఇల్లు గ్రామకంఠంల ఉంది, ఇంటి నంబరు, పన్ను రసీదులు తప్ప రిజిస్ట్రేషన్ కాయితం లేదు. దాని మీద లోన్ కష్టం అన్నరు. ప్లాటుకు రిజిస్ట్రేషన్ ఉంది. 2020ల బాపు వెయ్యి రూపాయలు కట్టి ఎల్ఆర్ఎస్‌కు పెట్టిండు, 2025ల 25 శాతం రాయితీ ఇచ్చినప్పుడు పూర్తి చేసినం. రాయికల్ ఇప్పుడు మున్సిపాలిటీ కాబట్టి పర్మిషన్ కూడా తీసుకున్నం. ఇవి లేకుంటే బ్యాంకు ఫైలు ముట్టదు.

ఇందిరమ్మ ఇల్లు సంగతి కూడా అడుగుతరు. 2024 మార్చి 11న భద్రాచలంల మొదలైన స్కీమ్. 5 లక్షలు, విడతలుగా వస్తది. మా మేనత్తకు వచ్చింది. ఆమెతోటి నేర్చుకున్నది ఏందంటే, మొదటి లక్ష బేస్‌మెంట్ అయినంక వస్తది. అంటే ముగ్గు పోసే రోజు మన చేతిల పైసలుండాలె. అత్తకు వచ్చినప్పుడు రూల్ ఏందంటే, ఇల్లు 400 ఎస్ఎఫ్‌టీకి తక్కువ ఉండొద్దు, 600 దాటొద్దు. "ఇంకో అర్ర వేసుకుందాం" అని పెంచితే బిల్లు ఆగుతది. అత్త కూడా వేద్దాం అన్నది, మేమే ఆపినం.

ఒక చిన్న అదృష్టం కూడా కలిసొచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంట్ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మేం గోడలు లేపింది ఆ తర్వాతనే.

ఇప్పుడు స్లాబ్ అయింది. ప్లాస్టరింగ్ నడుస్తుంది. పక్కకు పెట్టిన లక్షల 60 వేలు అప్పుడే అయిపోయినయ్, బోరు మేం అనుకున్నదానికన్నా లోతు పోయింది. బాపు రోజూ వీడియో పంపమంటడు. మొన్న "ఎలివేషన్ లేదా?" అని అడిగిండు. లేదన్న. "సరే, అరుగు అయితే ఉంది కదా, సాయంత్రం కూసుంట" అన్నడు. వీసా అయిపోతే మళ్ల రెన్యువల్ చేసుకోను అన్నడు. టికెట్ మాత్రం ఇంకా బుక్ చేయలే. చేసినంక చెప్తా.

మీరు కట్టేటప్పుడు ముందు ఒక్కటి చేయండి. ఇంట్లోళ్లందరినీ కూసోబెట్టి, ఒక కాయితం మీద రెండే రాయండి: చేతిల ఎంత ఉంది, నెలకు భయం లేకుండా ఎంత కట్టగలం. ఇల్లు ఎంత పెద్దగుండాలెనో ఆ రెండు అంకెలు చెప్తయ్, పక్కింటోళ్లు కాదు. ఉంట మరి, మళ్లీ కలుద్దాం.