పాత కారు – తొలి పరుగు



పుదుచ్చేరిలో తండ్రి నడపిన ఎం.జి. స్పోర్ట్సుకారును భద్రపరచుకొనిన కుమారునకు, దానిని ఒకనాడైనను రేసుబాటపై నడపవలెనను కోరిక కలుగుట సహజము. పూర్వము షోలవరపు విమానరంగముపై పందెములు జరిగెడివి. 1990 నుండి చెన్నై చెంత ఇరుంగాట్టుకోట్టైయందు సుమారు 3.7 కిలోమీటర్ల బాట గలదు. అయితే రంగునకును ఇంజనుకును మెరుగుపెట్టి బ్రేకులను మరచుట ప్రమాదము.

తీరపు ఉప్పుగాలి ఉక్కు బ్రేకుగొట్టములను తినివేయును. బ్రేకుద్రవము తేమను పీల్చును. డాట్ 4 రకపు ద్రవము క్రొత్తదైనపుడు 230 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరగరాదు. తేమ పట్టిన పిదప 155 డిగ్రీలు దాటినచో మరగవచ్చును. మలుపు మలుపునకు బ్రేకులు వేడెక్కి ద్రవము మరగినచో ఆవిరి పుట్టును; ఆ ఆవిరి కాలినొక్కుకు కుంచించుకొనిపోవును; పెడలు నేలనంటును, బండి ఆగదు.

కావున ద్రవమును పూర్తిగా మార్చవలెను. గొట్టములను, చక్రముల బేరింగులను విప్పి పరీక్షింపవలెను. గీతలు చెక్కుచెదరకున్నను, ఏండ్లు గడచిన టైరు గట్టిపడి పట్టు కోల్పోవును, దానిని మార్చవలెను. తొలినాడు నాలుగైదు చుట్లు నిదానముగా తిరిగి, చల్లార్చుకొని, మరల అన్నియు చూచుకొనవలెను. కాగిన బ్రేకులపై చేతిబ్రేకు వేయరాదు.

ఈ జాగ్రత్తలు తీసుకొనిననాడే తండ్రి బండి కుమారుని క్షేమముగా పుదుచ్చేరికి తిరిగి చేర్చును.